వీపు మీద నాలుగు అంగుళాలు

నల్లబల్ల మీద రాయడానికి కుడిచెయ్యి ఎత్తినప్పుడల్లా, పైట సర్దుకుంటున్నట్టు కనిపిస్తూ, వీపు మీద పైకి పాకిన బ్రా పట్టీని ఎడమచేత్తో కిందికి లాక్కోవడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. ఇంటర్మీడియట్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మామూలు రోజుల్లో పీరియడుకు ఐదారుసార్లు, త్రికోణమితి నడుస్తుంటే ఇంకాస్త ఎక్కువ. దాన్ని ఒక ఇబ్బంది అని కూడా అనుకోలేదు. సుద్దపొడి చేతికి అంటుకున్నట్టే ఇదీ ఉద్యోగంలో భాగం అనుకున్నాను. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే హుక్కులు విప్పేయాలనిపించేది. ఆడవాళ్లందరికీ అంతే కదా అని సరిపెట్టుకునేదాన్ని. మా స్టాఫ్ రూములో ఏడుగురం ఆడవాళ్లం. ఏడుగురమూ అలాగే సరిపెట్టుకుంటున్నామని తెలిసింది మాత్రం ఈ ఏడాదే.

నా సైజు 38 అని నిర్ణయించింది నేను కాదు, విజయవాడ బీసెంట్ రోడ్డులోని ఒక చిన్న దుకాణం యజమాని. డిగ్రీ మొదటి సంవత్సరంలో అమ్మ నన్ను అక్కడికి తీసుకెళ్లింది. అమ్మ దాన్ని బ్రా అనదు, ఇప్పటికీ 'బాడీ' అనే అంటుంది. కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి, "పిల్లకి బాడీలు చూపించు నాయనా" అంది. ఆయన నా చున్నీ వైపు ఒక్క క్షణం చూసి, "34 అమ్మా" అని, అట్టపెట్టె తీసి, పాత పేపర్లో చుట్టి, ఆ పొట్లాన్ని మళ్లీ నల్ల కవర్లో పెట్టి ఇచ్చారు. మొత్తం రెండు నిమిషాల పని. అదే రోజు నాకు చెప్పులు కొనడానికి అరగంట పట్టింది. నాలుగు జతలు తొడిగి, దుకాణంలో అటూఇటూ నడిచి, బొటనవేలు ఎక్కడ తగులుతోందో అమ్మ నొక్కి చూసి మరీ కొన్నది.

పాప పుట్టాక 34 కాస్తా 36 అయింది. ముప్పై ఐదేళ్లు దాటాక 38 అయింది. ప్రతిసారీ మా సంభాషణ ఒక్కటే. "ఇరుకుగా ఉంటోందండీ." "అయితే ఒక నంబరు పెంచుదామమ్మా." పెట్టె మీద 38 పక్కన 'బి' అని ఒక అక్షరం ఉండేది. అది మోడల్ పేరేమో అనుకున్నాను. రోజూ పిల్లలకు రెండు చరరాశుల సమీకరణాలు చెప్పే మనిషిని, కళ్ల ముందున్న రెండో రాశిని ఇరవై ఏళ్లు పట్టించుకోలేదు.

ఈ తీగ లాగి డొంక కదిలించింది మా టైలరమ్మ. గత మాఘమాసంలో మా ఆడపడుచు కొడుకు పెళ్లి. మూడు పట్టుచీరలకు మూడు జాకెట్లు కుట్టమని సత్యనారాయణపురంలో ఉన్న ఆమెకు ఇచ్చాను. పన్నెండేళ్లుగా నాకు కుడుతున్న మనిషి. నా ఆది జాకెట్టు ఆమె దగ్గరే ఉంటుంది. ఈసారి మూడూ కుదరలేదు. ముందు భాగంలో ముడత, చంక కింద ఉబ్బు, టక్కులు ఉండాల్సిన చోటు ఒకటి, ఉన్న చోటు ఒకటి. ఒకసారి విప్పి కుట్టింది. ఇంకోసారి విప్పి కుట్టింది. మూడోసారి గది తలుపు గడియ వేసి, నన్ను పొడుగు అద్దం ముందు పక్కకు తిప్పి నిలబెట్టి, చేతి అద్దం ఒకటి వీపు వెనక పట్టుకుంది. పలచటి జాకెట్టులోంచి బ్రా పట్టీ కనిపిస్తోంది. వీపు మధ్యలో అది విల్లులా పైకి వంగి ఉంది.

"జాకెట్టులో తప్పు లేదండీ. లోపలిది మీ సైజు కాదు. త్రాసులో తట్టల్లాంటివి ఇవి. వెనక పైకి లేచిందంటే ముందు కిందికి దిగిందనే. నేను కొలిచినప్పుడు ఒక చోట ఉంటుంది, మీరు పెళ్లిలో నాలుగు అడుగులు వేశాక ఇంకో చోట ఉంటుంది. టక్కు ఎక్కడ పెట్టమంటారు?"

మరి ఈ పన్నెండేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఎలా చెప్పమంటారండీ మేడంగారూ" అంది. అదీ నిజమే.

ఆ రాత్రి మా అమ్మాయి గదిలో తలుపు వేసుకుని కొలతలు మొదలుపెట్టాం. తను ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ఇలాంటి విషయాల్లో నాకంటే సిగ్గు తక్కువ, ఓపిక ఎక్కువ. కుట్టుపెట్టెలోంచి గుడ్డ టేపు తీశాం. ముందుగా రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టూ. ఊపిరి పూర్తిగా వదిలేసి, టేపు ఒంటికి బిగుతుగా ఆనేలా, వెనక కూడా నేలకు సమాంతరంగా ఉందో లేదో అద్దంలో చూసుకుంటూ కొలవాలి. 30 అంగుళాలు వచ్చింది. నమ్మకం కుదరక మళ్లీ కొలిపించాను. మళ్లీ 30. ఇక రెండోది, ఛాతీ అన్నిటికంటే నిండుగా ఉన్న చోట. దీనికి టేపు బిగించకూడదు, ఊరికే తాకాలి. నిలబడితే 36న్నర, నడుము దగ్గర వంగితే 38, వెల్లకిలా పడుకుంటే 36న్నర. మెత్తటి కండ కదా, భంగిమ మారితే చుట్టుకొలత మారుతుంది. అందుకే మూడూ కొలిచి సగటు వేసుకోవడం మంచిదని మా అమ్మాయి చదివిందట. సగటు 37.

ఆ రెండు అంకెలు పట్టుకుని కూర్చుంటే మూడు జవాబులు వచ్చాయి. ఒక కంపెనీ పట్టికలో కింది కొలతకు నాలుగు కలపమన్నారు. 30కి 4 కలిపితే 34. పై కొలత 37లోంచి 34 తీసేస్తే 3. ఒక అంగుళం తేడా అయితే ఎ, రెండైతే బి, మూడైతే సి. కాబట్టి నేను 34సి. ఇంకో కంపెనీ సెంటీమీటర్లలో అడిగింది. కింద 76, పైన 94. అక్కడ 34డి. మా వదినగారి అమ్మాయి ఇంగ్లండులో ఉంటుంది. తనకు ఫోను చేస్తే, "అత్తా, ఇక్కడ చాలా దుకాణాల్లో ఏమీ కలపరు. కింద ఎంత ఉంటే అంతే నంబరు. ఎ, బి, సి, డి, తర్వాత డిడి, ఇ, ఎఫ్. ఏడు అంగుళాల తేడా అంటే నువ్వు 30ఎఫ్" అని తేల్చింది. ఒకే ఒళ్లు, మూడు జవాబులు. పరీక్షలో ఇలా వస్తే ప్రశ్నే తప్పని అందరికీ మార్కులు కలిపేవాళ్లం.

కానీ ప్రశ్న తప్పు కాదు. కాస్త తీరిగ్గా చూస్తే ఈ మూడూ పక్కపక్క ఇళ్లే. దూరంగా ఉన్నది నేను ఇన్నాళ్లూ వేసుకున్న 38బి మాత్రమే. ముందుగా నాకు పట్టిన చిక్కు 34 అనే అంకె. నా ఒంటి మీద ఎక్కడ కొలిచినా 34 లేదు, మరి అది దేని కొలత? జవాబు పెట్టె మీదే ఉంది. కొన్ని పెట్టెల మీద 34 పక్కన 75 అని చిన్నగా అచ్చు వేసి ఉంటుంది. ఆ 75 రొమ్ముల కింది చుట్టుకొలత, సెంటీమీటర్లలో. అంటే దాదాపు ముప్పై అంగుళాలు. అది నిజమైన కొలత. 34 అనేది దానికి నాలుగు కలిపిన పాత లెక్క, పేరుగా మిగిలిపోయింది. అప్పటినుంచి నేను పెట్టె తిప్పి ముందు 75 కోసం వెతుకుతున్నాను.

రెండో చిక్కు అక్షరం. డి అనగానే ఏదో పెద్దదని మనకు ఒక భయం. నిజానికి విడిగా 'డి'కి ఏ అర్థమూ లేదు. 34డిలో కప్పు ఎంత పడుతుందో 36సిలో కూడా అంతే పడుతుంది, 38బిలో కూడా అంతే. నంబరు ఒక మెట్టు ఎక్కితే అక్షరం ఒక మెట్టు దిగుతుంది. ఆంగ్లంలో వీటిని అక్కచెల్లెళ్ల సైజులు అంటారట. ఇది చదివినప్పుడు నేను మంచం మీద లేచి కూర్చున్నాను. 34డి, 38బి, రెంటిలోనూ కప్పు ఒకటే! అంటే ఆ దుకాణం ఆయన నాకు తప్పు కప్పు ఇవ్వలేదు. ఆయన దగ్గర ఉన్నవన్నీ బి కప్పులే. ముందు చాలడం లేదన్నప్పుడల్లా నంబరు పెంచారు. నంబరుతో పాటు కప్పూ పెరిగింది, ఇరుకు తగ్గింది, నేను సంతోషంగా డబ్బులిచ్చి వచ్చాను. కాకపోతే ఆ కప్పుతో పాటు వీపు మీద నాలుగు అంగుళాల పట్టీ కూడా ఎక్కువ కొనుక్కొచ్చాను. ముందు కావలసిన చోటును వెనక వెతుక్కున్నాను. మా కాలేజీలో, మా బంధువుల్లో సగంమంది చేస్తున్నది కూడా ఇదేనని తర్వాత తెలిసింది. కప్పులకు అక్షరాలు పెట్టడం 1930లలోనే అమెరికాలో మొదలైంది. తొంభై ఏళ్లు గడిచినా మన వీధి దుకాణాల్లో అడిగేది "ఎంత నంబరమ్మా" అనే.

పట్టీ నాలుగు అంగుళాలు వదులైతే ఏమవుతుందంటారా? బిందె మోసినవాళ్లకు చెప్పక్కర్లేదు. నడుము మీద ఆనితే బిందెతో రెండు వీధులు దాటొచ్చు. చేత్తో వేలాడదీస్తే నాలుగు అడుగులకే భుజం పీకేస్తుంది. బ్రాలో నడుము లాంటిది ఆ కింది పట్టీ. అది ఒంటిని పట్టుకుని ఉండకపోతే బరువంతా భుజాల పట్టీల మీదికి పోతుంది. అప్పుడు మనం భుజాల పట్టీలు ఇంకా బిగిస్తాం. బిగించినకొద్దీ వెనక పట్టీ ఇంకా పైకి లేస్తుంది. నా కుడిభుజం మీద చిటికెనవేలు పట్టేంత గాడి ఉంది. అది బ్యాగు వల్ల వచ్చిందని ఇన్నాళ్లూ బ్యాగును తిట్టాను.

ఇక కొనడం. ముందు పాత దుకాణానికే వెళ్లాను, అలవాటు కొద్దీ. ఇప్పుడు ఆయన కొడుకు కూర్చుంటున్నారు. 34డి అడిగితే, "డి మన దగ్గర రాదండీ. బి వస్తుంది, కొన్నిట్లో సి వస్తుంది. మీకు 38 సరిపోతోంది కదా?" అన్నారు. మర్యాదగానే అన్నారు. ఆయన వెనక గోడ మీద 'లోదుస్తులు మార్చబడవు, వాపసు తీసుకోబడవు' అని బోర్డు. వేసుకుని చూసే వీలు లేదు, తెచ్చుకుని మార్చే వీలూ లేదు. ఇక చూపుతో కొలిచే ఆయన తప్ప గతి ఎవరు?

ఆ ఆదివారం అమ్మాయిని వెంటబెట్టుకుని ట్రయల్ రూము ఉన్న ఒక పెద్ద దుకాణానికి వెళ్లాను. అక్కడ అమ్మాయిలే కొలుస్తారు. ఒక పిల్ల టేపు మెడలో వేసుకుని వచ్చి, కుర్తా మీదినుంచే, లోపల పాత బ్రా ఉండగానే, రెండుచోట్ల చుట్టి "36బి మేడం" అంది. పాత బ్రాలో కిందికి జారిపోయి ఉన్నదాన్ని కొలిస్తే పాత సైజుకు దగ్గరగానే వస్తుంది మరి. ఆ పిల్లను తప్పుపట్టలేను, అలాగే నేర్పి ఉంటారు. చీటీ మీద 34సి, 34డి, 36సి, 32డిడి అని రాసి, వీటిలో ఉన్నవన్నీ తెమ్మని ఇచ్చాను. తొమ్మిది తెచ్చింది. డిడి ఉందని ఆ పిల్లకే తెలియదట, లోపల గోడౌనులో దొరికింది.

ట్రయల్ రూములో గంటంపావు ఉన్నాను. బ్రా వేసుకోవడం కూడా రాదని నలభై మూడో ఏట తెలిసింది. నేను ఎప్పుడూ ముందు హుక్కులు పెట్టి, చుట్టూ తిప్పి, చేతులు దూర్చి, పైకి లాగేదాన్ని. ఇప్పుడు అమ్మాయి బయటినుంచి ఫోనులో చూసి చదువుతుంటే ఒక్కొక్కటే చేశాను. భుజాలకు తగిలించి, ముందుకు వంగాలి. కప్పు కిందనున్న తీగ సరిగ్గా రొమ్ము కింది మడతలో కూర్చోవాలి. హుక్కు అన్నిటికంటే వదులైన వరసకు పెట్టాలి. వాడగా వాడగా ఎలాస్టిక్ సాగుతుంది, అప్పుడు లోపలి వరసలకు జరగడానికి ఆ మిగతా వరసలు. నేను కొత్తదాన్ని మొదటిరోజే ఆఖరి వరసకు బిగించేదాన్ని, అది మూడు నెలలకే చచ్చేది. ఆ తర్వాత కుడిచెయ్యి ఎడమ కప్పులోకి దూర్చి, చంక వైపునుంచి కండనంతా ముందుకు తోడాలి. రెండోవైపూ అంతే. ఇలా తోడినప్పుడు ఎంత వచ్చిందో చూసి నిర్ఘాంతపోయాను. చంక కింద కొవ్వు పెరిగిందని ఎన్నేళ్లుగా తిట్టుకున్నానో, అందులో సగం చంకది కాదు.

34సి వేసుకుంటే కప్పు అంచు దగ్గర కోత పడి, రెండున్నవి నాలుగైనట్టు కనిపించాయి. తీశాను. 36సిలో కప్పు బాగుంది, చెయ్యెత్తగానే పట్టీ పాత దారి పట్టింది. తీశాను. ఆరోదో ఏడోదో 34డి. హుక్కు పెట్టగానే అమ్మో, ఇరుకు అనిపించింది. విప్పేయబోయాను. "రెండు వేళ్లు దూరుతున్నాయా?" అంది బయటినుంచి మా అమ్మాయి. దూరాయి. "ఊపిరి పూర్తిగా తీసుకోగలుగుతున్నావా?" తీసుకున్నాను. "అయితే పదినిమిషాలు ఉండమ్మా, వదులు అలవాటైన ఒళ్లు అది." స్టూలు మీద కూర్చున్నాను. రెండు కప్పుల మధ్యనున్న ముక్క ఎదురురొమ్ము ఎముకకు ఆనుకుని ఉంది. ఇన్నేళ్లలో నా ఏ బ్రాలోనూ అది ఎముకను తాకిన గుర్తు లేదు, గాలిలో వంతెనలా నిలబడి ఉండేది. తీగ పక్కన చంక వైపు ఎముక మీద ఆగింది, కండ మీద కాదు. లేచి, ఆ అద్దం మీదే చూపుడువేలితో వర్గ సమీకరణ సూత్రం పైనుంచి రాశాను. పట్టీ కదల్లేదు. చెరిపినట్టు చెయ్యి తిప్పి మళ్లీ రాశాను. కదల్లేదు.

ఎడమవైపు కొంచెం ఎక్కువ నాకు. చాలామందికి రెండువైపులా సమానంగా ఉండదు. పెద్దవైపుకు సరిపోయేది తీసుకుని, చిన్నవైపు భుజం పట్టీ కాస్త బిగించుకుంటే చాలు. ఇంకో కంపెనీది అదే 34డి తీసుకుంటే పట్టీ మరీ సాగింది. వాళ్ల దాంట్లో 32డిడి సరిపోయింది. కాబట్టి కొలత అంటే గుమ్మం వరకే తీసుకెళుతుంది, లోపలికి మనమే వెళ్లాలి.

సైజు తేలాక రకం. ఇక్కడ ఎవరి సలహా నాకు పూర్తిగా పనికి రాలేదు. చెప్పేవాళ్లందరూ టీషర్టులు, కుర్తాల గురించే చెబుతారు. నేను వారానికి ఐదురోజులు నేతచీర కడతాను. అచ్చుపోసిన స్పాంజి కప్పులున్న టీషర్టు బ్రా ఒకటి తెచ్చుకున్నాను, కుర్తా కింద అది నున్నగా చక్కగానే ఉంటుంది. జాకెట్టు కింద ఆ స్పాంజి మందమే పావు అంగుళం తినేసి, హుక్కులు పట్టలేదు. పైగా విజయవాడ మే నెలలో రెండో పీరియడుకల్లా అది గిన్నెలు తోమే స్పాంజిలా తడిసి బరువెక్కింది. ఇంకో సంగతి కూడా ఉంది. నాకు కింద నిండుగా, పైన పలచగా ఉంటుంది. అచ్చుపోసిన కప్పుకు దాని ఆకారం దానికే ఉంటుంది కాబట్టి, సైజు సరిపోయినా పై అంచున గాలి మిగిలిపోయింది.

చివరికి నాకు కుదిరింది స్పాంజి లేని, మూడు ముక్కలు కలిపి కుట్టిన కప్పు. కటోరీ జాకెట్టు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. చదునైన బట్టకు గుండ్రటి ఆకారం ఇచ్చేది కుట్టే. ఆ కుట్లు పలచటి బట్టలోంచి గీతల్లా కనిపిస్తాయని కొందరు ఇష్టపడరు. నేత జాకెట్టులోంచి ఏదీ కనిపించదు. కప్పు పక్కభాగంలో అదనంగా ఒక ముక్క ఉన్నదైతే చంక వైపు వెళ్లేదాన్ని ముందుకు తెస్తుంది. నా మట్టుకు చీరకట్టుకు దీన్ని మించింది లేదు. అయితే ఇవే దుకాణాల్లో అడుగు అరలో, దుమ్ములో ఉంటాయి. బొమ్మలకు తొడిగేవన్నీ స్పాంజివే.

మధ్యలో బాగా దిగి ఉండే ప్లంజ్ రకం నేను వంగిన ప్రతిసారీ బయటికి తోసేసింది. జవాబు పత్రాలు దిద్దేవాళ్లకు అది పనికిరాదు. బాల్కనెట్ అనే రకంలో భుజాల పట్టీలు దూరదూరంగా ఉంటాయి. వెడల్పు మెడ జాకెట్ల కింద పట్టీ కనపడదని అందరూ మెచ్చుకున్నారు, నావి వాలు భుజాలు, గంటకోసారి జారింది. మినిమైజర్ అని ఇంకొకటి. కండను పక్కలకు పరిచి ఛాతీ తక్కువగా కనిపించేలా చేస్తుంది. దాన్ని మాత్రం చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పద్దెనిమిదేళ్ల మగపిల్లలు అరవైమంది ఉన్న తరగతిలో, తక్కువగా కనిపించాలని ఏ రోజు అనుకోలేదు కనుక? కొన్నాను కూడా. మూడు రోజులు వేసుకుంటే చంకల్లో ఒరుసుకుని కమిలింది. ఇప్పుడది బీరువాలో ఉంది.

తీగ గురించి మా అత్తయ్యకు గట్టి అభిప్రాయాలున్నాయి. "ఇనుప తీగలు గుండెల మీద పెట్టుకుంటే గడ్డలు వస్తాయి" అని ఆవిడ భయం. 2014లో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం వాళ్లు సరిగ్గా ఈ సంగతే పరిశీలించారు. నెలసరి ఆగిపోయిన మహిళల్లో బ్రా వాడకానికీ, కప్పు సైజుకీ, తీగ ఉండటానికీ, ఎన్ని గంటలు వేసుకున్నారన్నదానికీ రొమ్ము క్యాన్సర్‌తో సంబంధం కనిపించలేదన్నారు. ఆవిడకు చదివి వినిపించాను. "అమెరికా వాళ్లకు రాకపోవచ్చు" అంది. సరే. నేను మాత్రం కాలేజీకి తీగ ఉన్నది, ఇంట్లో వెడల్పు పట్టీ ఉన్న తీగ లేని నూలుది వేసుకుంటున్నాను. తీగ గుచ్చుకుంటోందంటే దాదాపు ఎప్పుడూ తప్పు సైజుదే. కప్పు చిన్నదైతే తీగ మడతలో కూర్చోలేక కండ మీదికి ఎక్కుతుంది. పదేళ్లుగా ప్రతి ఎండాకాలం రొమ్ముల కింద చెమటపొక్కులు, పౌడరు డబ్బాలు. ఈ ఎండాకాలం ఆ మడతలో మధ్యన బట్ట ఉంది, పొక్కులు రాలేదు.

పొద్దున నడకకు ఒక స్పోర్ట్స్ బ్రా కూడా కొన్నాను. వీటిలో రెండు జాతులు. ఒకటి రెంటినీ కలిపి ఒంటికి అదిమిపెట్టేది, రెండోది లోపల విడివిడి కప్పులున్నది. నిండుగా ఉన్నవాళ్లకు రెండోదే నయం. తొలి స్పోర్ట్స్ బ్రాగా పేరుపొందినదాన్ని 1977లో అమెరికాలో ముగ్గురు మహిళలు కలిసి తయారుచేశారు. మగ ఆటగాళ్లు లోపల వేసుకునే జాక్‌స్ట్రాప్‌లు రెంటిని కలిపి కుట్టి చూశారట. మన మాటలో చెప్పాలంటే రెండు లంగోటాలు. ఈ సంగతి చెబితే స్టాఫ్ రూములో ఫిజిక్స్ మేడం టీ ఒలకబోసుకున్నారు. ఆ నవ్వులోంచే మొదలై, ఆ శుక్రవారం నేను టేపు తీసుకెళ్లాను. ఏడుగురిలో ఐదుగురు వేసుకుంటున్న నంబరు రెండు మెట్లో మూడు మెట్లో ఎక్కువ.

ధర మాటకొస్తే, పాతవి నూటడెబ్భై, నూటఎనభై రూపాయలు. ఇప్పుడు కొన్నవి ఏడువందల నుంచి పదకొండు వందలు. కడుపు మండింది. కానీ అప్పుడు ఏడాదికి ఎనిమిది కొనేదాన్ని. ఇప్పుడు మూడింటిని మార్చిమార్చి వేసుకుంటున్నాను, ఎలాస్టిక్‌కు మధ్యలో ఒక రోజు విశ్రాంతి ఇస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది. చన్నీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా తువ్వాలులో అద్ది, కప్పులు మడతపడకుండా ఆరేస్తాను. ఆరేయడం ఇంకో కథ. మా ఇంట్లో ఏ బ్రా ఎండ ఎరగదు. దండెం మీద తువ్వాలు కింద దాక్కుని, సగం తడితో, ముక్కిన వాసనతో బీరువాలోకి వచ్చేది. కొత్తవి బాల్కనీ నీడలో గాలికి ఆరేశాను. మొదటి వారం అత్తయ్య వెళ్లి వాటి మీద తువ్వాలు కప్పింది. నేను తీశాను. మళ్లీ కప్పింది. రెండో వారం ఆ తువ్వాలు కనబడలేదు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఒక దెబ్బ మాత్రం ఎవరూ ముందే చెప్పలేదు. కొత్త బ్రా మీద నా పాత జాకెట్లు ఏవీ పట్టలేదు. అన్నీ అంగుళంన్నర కిందికి కుట్టినవి. ముప్పై రెండు జాకెట్లు మోసుకెళ్లి టైలరమ్మ ముందు పోశాను. ఆమె నన్ను అటూఇటూ తిప్పి చూసి, ఒక్కమాట కూడా అనకుండా, మేకుకు వేలాడుతున్న నా ఆది జాకెట్టు తీసి మడతపెట్టి నా చేతికిచ్చింది. తర్వాత టేపు తీసుకుని భుజం దగ్గర మొదలుపెట్టింది.

అమ్మ తెనాలిలో ఉంటుంది. డెబ్భై ఒకటి. కుడిభుజం పట్టేసి ఏడాదైంది, చెయ్యి వెనక్కి పోదు. చాలాకాలం లాంగ్‌క్లాత్ బాడీలు కుట్టించుకుని ముందు ముడివేసుకునేది. అవి కుట్టే ఆయన పోయాక నా 34లు, 36లు, నాకు ఇరుకైనవన్నీ ఆమె వాడింది. ఫోనులో ఇదంతా చెప్పి, నీ కొలతలు చెప్పమ్మా అంటే, "ఈ వయసులో నాకెందుకే అవన్నీ" అని పెట్టేసింది.

రెండు వారాల తర్వాత తమ్ముడు తెనాలినుంచి వచ్చాడు. గోంగూర పచ్చడి సీసా, కొబ్బరికాయలు, వాటి అడుగున పాత పేపర్లో చుట్టిన చిన్న పొట్లం. "అమ్మ నీకే ఇమ్మంది, నన్ను విప్పొద్దంది" అన్నాడు. లోపలికి వెళ్లి విప్పాను. రెండు పురికొస ముక్కలు. ఒకదానికి చివర ఒక ముడి, రెండోదానికి రెండు ముళ్లు. ఫోను చేశాను. "ఒక ముడిది కిందిది, రెండు ముళ్లది పైది" అంది గొంతు తగ్గించి, ఇంట్లో ఎవరూ లేకపోయినా. బల్ల మీద పరిచి టేపుతో కొలిచాను. ముప్పై ఒకటిన్నర, ముప్పై ఏడు.

"ముందు హుక్కులు ఉండేవి దొరుకుతాయా?" అంది.

"దొరుకుతాయమ్మా."

"తెల్లదే తీసుకో, నాకు వేరే రంగులెందుకు" అని పెట్టేయబోయి, "లేత గులాబీ ఉంటే చూడు" అంది.